అన్నము పెట్టు పూవు

పూవు అనగానే మనకు పూజయు, జడయు, దండయు జ్ఞప్తికి వచ్చును. పూవును వాసన చూతుము, కన్నుల కద్దుకొందుము, దేవుని పాదములచెంత నుంతుము. పూవు వలన కడుపు నిండునని ఎవరైన చెప్పినచో నవ్వుదుము. కాని కొంచెము ఆలోచించి చూడుడు. అరటిపూవును కూర వండుకొనుట లేదా? మునగపూవును, అవిసెపూవును పప్పులో వేసికొనుట లేదా? సంతలో కాలీఫ్లవరు అను పేరుతో అమ్ముడుపోవునది పూగుత్తియే కదా! పూవు అందమునకే కాక ఆహారమునకు కూడ పనికివచ్చును. ఒకే చెట్టు పూవును, ఆ పూవు వెనుక వచ్చు కాయను గూడ మనుష్యునకు ఇచ్చుట మరింత విశేషము. అట్టి రెండింటిని గూర్చి ఈ పాఠమున తెలిసికొందము. మొదటిది మీకందరకు తెలిసిన గులాబి. రెండవది మన అమ్రాబాదు అడవులలో పెరుగు ఇప్ప.

గులాబి రేకులతో గుల్కందు చేయుదురు. సువాసన గల గులాబులను తెల్లవారుజామున, ఎండ ముదరకముందే కోసి, రేకులను విడదీసి, ఒక వరుస రేకులు, ఒక వరుస చక్కెర చొప్పున గాజుజాడీలో నింపి, కొన్ని వారములపాటు ఎండలో ఉంచుదురు. చక్కెర కరగి రేకులలోనికి ఇంకును. రేకులు మెత్తబడి పాకమగును. వేసవిలో చలువ చేయునని దీనిని పాలలో కలిపి త్రాగుట, తాంబూలములో పెట్టుకొనుట మన నగరములలో వాడుక. అయితే ఒక హెచ్చరిక. అంగడిలో దండలకు అమ్ము గులాబులపై పురుగుమందులు చల్లియుందురు. వానిని తినరాదు. తినుటకు కావలసిన గులాబిని మన పెరటిలోనే, మందు చల్లక పెంచుకొనవలెను. చక్కని ఎండ, నీరు నిలువని నేల, మాగిన పశువుల ఎరువు ఉన్న చాలును.

గులాబికి కాయ ఉన్నదని మీలో ఎందరికి తెలియును? రేకులు రాలిన పిదప తొడిమమీద పచ్చని బుడిపె యొకటి మిగులును. అది మెల్లగా ఉబ్బి, ఎఱ్ఱబారి, చిన్న రేగుపండంత యగును. మన తోటలలో ఇది తరచుగా కనబడదు. అందులకు కారణములు రెండు. తోట గులాబులలో పెక్కింటికి కేసరములే రేకులుగా మారిపోయినవి. అందువలన రేకులు పెక్కుగా నుండును గాని కాయ కట్టుట అరుదు. అదియు గాక వాడిన పూవును తోటమాలి వెంటనే కత్తిరించివేయును. చలిదేశములలోని అడవి గులాబులకు అయిదే రేకులు. వానికి కాయలు గుత్తులుగా కాయును. ఆ కాయలో సి విటమిను నారింజపండులో కంటె అనేక రెట్లు అధికము. లోపల గింజల చుట్టును సన్నని నూగు ఉండును. అది గొంతును గీరును. కావున కాయను ఉడికించి, రసమును గుడ్డలో వడియగట్టి వాడుదురు.

రెండవ ప్రపంచ సంగ్రామ కాలమున ఇంగ్లండు దేశమునకు విదేశములనుండి నారింజపండ్లు వచ్చుట దాదాపుగా నిలిచిపోయెను. చంటిబిడ్డలకు సి విటమిను కరవగునని ప్రభుత్వము భయపడెను. అప్పుడు కంచెలలో ఎవరును పట్టించుకొనక పెరుగుచున్న అడవి గులాబుల కాయలు పెద్దల కంటబడినవి. 1941వ సంవత్సరమునుండి స్త్రీలును, బడిపిల్లలును బుట్టలు పట్టుకొని పొలముల గట్లవెంట తిరిగి వందలాది టన్నుల కాయలను ఏరిరి. వానితో పాకము కాచి పసిపిల్లలకు చెంచాలతో పోసిరి. ఆకలి వచ్చిన దినమున గాని ఆ దేశమువారికి తమ కంచెలోని కాయ విలువ తెలియలేదు.

గులాబి మనకు నేర్పు చిన్న పాఠ మొకటి కలదు. కాడతో సహా పూవును త్రుంచినచో పూవు మాత్రమే దక్కును. రేకులను మాత్రమే తీసికొని, క్రింది బుడిపెను కదల్చక విడిచినచో, నేడు రేకులును, రేపు కాయయు దక్కును. ఎంతవరకు తీసికొనవలెనో, ఎచ్చట ఆగవలెనో తెలిసినవానికి చెట్టు రెండుమార్లు పెట్టును. ఈ మాటను జ్ఞాపకముంచుకొని ఇప్పుడు మన అడవికి పోదము.

హైదరాబాదునుండి శ్రీశైలమునకు పోవు దారిలో మన్ననూరు దాటగానే అడవి దట్టమగును. అదియే నల్లమల. అందు కృష్ణానదికి ఉత్తరమున ఎత్తుగా పరచుకొన్న పీఠభూమికి అమ్రాబాదు పీఠభూమి యని పేరు. పూర్వము ఇది మహబూబ్‌నగరు జిల్లాలోనిది; 2016 నుండి నాగర్‌కర్నూలు జిల్లాలోనిది. ఇచ్చటి అడవులు 1983లో నాగార్జునసాగర్ - శ్రీశైలం పులుల అభయారణ్యములో చేరినవి. 2014లో రాష్ట్రము విభజింపబడిన తరువాత తెలంగాణములోని భాగము అమ్రాబాదు పులుల అభయారణ్యమను పేరు పొందినది. దీని విస్తీర్ణము 2,600 చదరపు కిలోమీటర్లకు పైబడి యున్నది.

ఈ అడవికి అనాదిగా అయినవారు చెంచులు. వారి గూడెమునకు పెంట యని పేరు. గడ్డలు త్రవ్వుకొనుట, తేనె తీయుట, కాయలు పండ్లు ఏరుకొనుట వారి ప్రాచీన జీవనవిధానము. ఆస్ట్రియా దేశీయుడైన క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ అను పండితుడు 1940లో ఈ పీఠభూమిపై చెంచుల నడుమ నివసించి, వారి జీవితమును గూర్చి వ్రాసిన గ్రంథము 1943లో వెలువడినది. దున్నక, విత్తక అడవిలోనే ఆహారమును వెదకికొను జనులలో వీరు ప్రసిద్ధులని ఆ గ్రంథమువలన లోకమునకు తెలిసినది. అట్టివారికి అడవి పెట్టు అన్నములలో ఇప్పపూవు ఒకటి.

ఇప్పకు సంస్కృతమున మధూకమని పేరు. అమరకోశము దీనికి గుడపుష్పము, మధుద్రుమము, వానప్రస్థము అను పర్యాయపదములను చెప్పినది. గుడ మనగా బెల్లము. బెల్లమువంటి పూవు గలది గనుక గుడపుష్పము. ఒక్క పేరులోనే చెట్టు గుణమంతయు ఇమిడియున్నది చూచితిరా! జనగామ జిల్లాలోని ఇప్పగూడ మొదలుకొని తెలంగాణములో ఇప్ప పేరు మోయుచున్న పల్లెలు పెక్కు కలవు. ఒకప్పుడు ఈ చెట్టు పల్లెలకు ఎంత దగ్గరి చుట్టమో ఆ పేర్లే చెప్పుచున్నవి.

ఇప్ప పెద్ద వృక్షము. సపోటాయు, పాలపండ్ల చెట్టును దీని కుటుంబములోనివే. గుండ్రని గుబురు తల, గరుకైన బెరడు, గిల్లినచో పాలు కారు ఆకు దీని గుర్తులు. రాతినేలయందును, గరపనేలయందును, తక్కువ వానకును ఓర్చుకొని పెరుగును. మాఘ ఫాల్గుణములలో ఆకు రాల్చును. ఫాల్గుణ చైత్రములలో, అనగా మార్చి ఏప్రిల్ నెలలలో, బోడికొమ్మల చివరలయందు మొగ్గలు గుత్తులుగా వ్రేలాడును. అడవిలో గడ్డలు గట్టిపడి, వాగులు ఎండి, తిండి దొరకుట కష్టమైన కాలమది. సరిగా ఆ కాలముననే ఇప్ప పూయును.

ఈ పూవు తీరు మిక్కిలి చిత్రమైనది. ఇది రాత్రివేళ విచ్చును. దాని వాసనకు గబ్బిలములు వచ్చును. అవి తీయని పూరేకులను తినుచు ఒక పూవు పుప్పొడిని మరియొక పూవునకు చేర్చును. తెల్లవారుజామున పూవు తనంతట తానే రాలును. అయితే రాలునది పూవంతయు కాదు. కండగల తెల్లని రేకుల గిన్నెయు, దానిలోపల అంటియున్న కేసరములును మాత్రమే రాలును. కాయగా మారవలసిన అండాశయము, దాని కొనయందలి సన్నని కీలముతో సహా కొమ్మమీదనే నిలిచియుండును. గులాబి విషయమున మనము జాగ్రత్తతో చేయవలసిన పనిని ఇప్ప తానే చేయుచున్నది. ఇచ్చివేయవలసినదానిని క్రిందికి విడుచును. దాచుకొనవలసినదానిని పైననే ఉంచుకొనును. కావున రాలిన పూవును ఎంత ఏరినను కాయకు లోటు రాదు.

ఈ సంగతి నాకు పుస్తకమువలన తెలియలేదు. ముప్పది ఐదేండ్ల క్రిందట నేను ఆ ప్రాంతమున ఒక పాఠశాలలో ఉపాధ్యాయుడుగా నుంటిని. వేసవి ఒంటిపూట బడి. నా తరగతిలోని చెంచుబాలుడొకడు రెండువారములనుండి ప్రతిదినము ఆలస్యముగా వచ్చుచుండెను. ఒకనాడు కోపముపట్టలేక వానిని తరగతి బయట నిలువబెట్టితిని. వాడు మారు పలుకలేదు. బడి విడిచిన తరువాత పలకను తీసికొనుటకు వచ్చిన వాని చేతులను చూచితిని. బంకబంకగా, మట్టి అంటియున్నవి. ఏమిరా ఇది యని అడిగితిని. “ఇప్పపువ్వు ఏరివస్తున్న సారూ. పొద్దెక్కితే జింకలు, పశువులు తినిపోతయ్. అవ్వకు నడుము వంగదు” అని తలవంచుకొని చెప్పెను. ఆ రెండువారములలో వాని ఇంటిల్లిపాదికి కొన్ని నెలల ఆధారము రాలుచున్నదని నే నెరుగనైతిని. తప్పు వానిది కాదు, నాది.

మరునాడు ఆదివారము. చీకటి విడకముందే వానితోను, వాని అవ్వతోను అడవికి పోతిని. చెట్టు దగ్గరపడక మునుపే తీపిగాను, కొంచెము పులుపుగాను ఒక వాసన తగిలెను. నిశ్శబ్దములో పూవులు ఒక్కొక్కటియే నేలమీద పడుచుండిన చప్పుడు స్పష్టముగా వినబడెను. వెలుతురు రాగా చూతును గదా, చెట్టు క్రింద వడగండ్లు కురిసినట్లు తెల్లగా నుండెను. అవ్వ ముందుగా నాలుగువైపుల పరికించి, ఎలుగుబంటి లేదని నిశ్చయించుకొనెను. ఎలుగుకు ఇప్పపూవన్న ప్రాణము. పిమ్మట పిల్లవాడు గంపను ప్రక్కన పెట్టుకొని ఏరసాగెను. పని త్వరగా కావలెనను తలంపుతో నేనొక కొమ్మను పట్టి ఊపబోతిని. అవ్వ చటుక్కున నా చేయి పట్టుకొనెను.

“వద్దు సారూ! చెట్టు ఇడిసిందే మనది. ఊపితే పిందె గూడ రాలుతది. మళ్ల కాయ యాడనుంచి వస్తది?” అని ఆమె పలికెను. వృక్షశాస్త్ర పరీక్షలో ఉత్తీర్ణుడనైన నాకు ఆ మాట కొత్త. ఆమెకు అది పుట్టుకతో వచ్చిన చదువు.

ఏరిన పూవును బండలమీద పలుచగా పరచి మూడు నాలుగు దినములు ఎండబెట్టుదురు. తెల్లని పూవు ఎండి, ముడుచుకొని, ద్రాక్షయెండువలె ఎఱ్ఱని గోధుమవన్నె పొందును. పచ్చిపూవులో నీరే అధికము గనుక నాలుగు కిలోల పచ్చిపూవు సుమారొక కిలో ఎండుపూవగును. పిదప దానిని మెల్లగా కొట్టి, చెరిగి, లోపలి కేసరములను తొలగింతురు. తేమ తగులకుండ నిలువ యుంచినచో నెలల తరబడి చెడదు. తేమ తగిలినచో పులియును, బూజు పట్టును.

ఎండుపూవు బరువులో సగమునకు పైగా చక్కెరలే. కొంత మాంసకృత్తు, సున్నము, ఇనుము కూడ కలవు. దీనిని ఉడికించి తినవచ్చును. వేయించి తినవచ్చును. దంచి జొన్నపిండిలోనో, మక్కపిండిలోనో కలిపి రొట్టె చేయవచ్చును. కొన్నిచోట్ల వేయించిన చింతగింజలతో కలిపి ఉడికింతురు. ఆదిలాబాదు జిల్లా ఉట్నూరులో ఆదివాసి స్త్రీలు సంఘముగా ఏర్పడి ఇప్పపూవుతో లడ్లు చేయుచున్నారు. పూర్వము పేదల తిండి యని చిన్నచూపు చూడబడిన పూవు నేడు బలవర్ధకమగు చిరుతిండిగా నగరములకు కూడ పోవుచున్నది. అయినను ఏ ఆహారమైనను మితముగా తినవలెను. ఇప్పపూవును అతిగా తిన్నచో తలతిరుగును.

పూవు ముగిసిన రెండు మూడు నెలలకు, తొలకరి వానలవేళకు, కొమ్మమీద నిలిచిన పిందె కాయయై పండును. పచ్చికాయను కూర వండుకొనువారు కలరు. పండు గుజ్జును పక్షులును, గబ్బిలములును, మనుష్యులును తిందురు. లోపలి గింజలలో మూడవవంతునకు పైగా నూనె యుండును. ఈ ఇప్పనూనె చలికాలమున వెన్నవలె గట్టిపడును. దీపములకును, సబ్బులకును, కొన్నిచోట్ల వంటకును దీనిని వాడుదురు. నూనె తీయగా మిగిలిన చెక్క చేదు. పశువులకు నేరుగా పెట్టరాదు. అందులోని సపోనిను అను పదార్థమువలన నీటిలో వేసినచో చేపలు చచ్చును. అందుచేతనే చేపపిల్లలను విడుచుటకు ముందు చెరువులోని హానికరమగు చేపలను తొలగించుటకు ఆ చెక్కనే వాడుదురు. ఆ పిదప అదియే చెరువునకు ఎరువగును. ఇట్లు పూవు మొదలుకొని చెక్క వరకు ఇప్పలో పారవేయదగినది లేదు.

ఇక ఇప్పకు వచ్చిన అపకీర్తిని గూర్చి కూడ చెప్పవలెను. చక్కెర యున్నచోట పులియుట యుండును. పులిసిన పూవునుండి సారా తీయుదురు. దానివలన ఎన్నో సంసారములు చెడినవి. ఆ మాటను దాచవలసిన పనిలేదు. అయితే పూర్వపు ప్రభుత్వములు ఈ పూవులో సారాను మాత్రమే చూచినవి, అన్నమును చూడలేదు. బొంబాయి రాజధానిలో 1892లో చేసిన ఇప్పపూవు చట్టము పూవును ఏరుటపైనను, నిలువ చేయుటపైనను ఆంక్షలు విధించెను. ఆకలిగొన్నవాడు తన గుడిసె ముందటి చెట్టు రాల్చిన పూవును ముట్టుటకు వెనుదీయవలసివచ్చెను. స్వతంత్రము వచ్చిన పిదప కాలము మారినది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ అడవిబిడ్డలు ఏరి తెచ్చిన సరకులను కొనుటకు పూనుకొన్నది. 2006లో చేయబడిన అటవీహక్కుల చట్టము, తాము తరతరములుగా సేకరించు చిన్నతరహా అటవీఫలములపై అడవి జనులకే యాజమాన్యము కలదని అంగీకరించినది.

హక్కు వచ్చినది, మంచిది. కాని హక్కు ఉండి చెట్టు లేకపోయినచో ఏమి ప్రయోజనము? ఆ ఆదివారమునాడు అవ్వ నాకు మరియొక చెట్టును చూపెను. దాని క్రింద నేల నల్లగా మాడియుండెను. రాలిన ఆకులలో పూవు కనబడదని ఎవరో నిప్పు పెట్టి ఊడ్పు పని తప్పించుకొనిరి. “ఇక్కడ పెద్ద చెట్లే ఉన్నయ్ సారూ, పిల్లచెట్లు కానరావు” అని ఆమె మెల్లగా అనెను. నేను చుట్టును చూచితిని. ఆమె చెప్పినది నిజము. మ్రాకులన్నియు ముసలివే. మోకాలెత్తు మొక్క ఒక్కటియు లేదు. వృద్ధులు మాత్రమే ఉండి, బడికి పోవు పిల్లలు లేని ఊరువలె ఆ వనము నాకు తోచెను.

దీనికి కారణములు పలువిధములు. పూవును ఏరుటవలన చెట్టునకు హాని లేదు. గింజలన్నింటిని నూనెకై ఏరివేసినచో మొలచుటకు గింజ మిగులదు. మిగిలిన గింజ మొలచినను పశువులు మేయును. అవి విడిచిన మొక్కను వేసవి నిప్పు కాల్చును. పెద్ద చెట్టు దళసరి బెరడు ఆ మంటకు ఓర్చును గాని లేతమొక్క ఓర్వలేదు. ఒకచోట పెట్టిన నిప్పు అచ్చటనే ఆగునను నమ్మకము లేదు; ఎండిన గడ్డిలో పడి కొండలెక్కును. అటవీశాఖవారు వేసవికి ముందు అడవిలో బాటలుగా గడ్డి తొలగించి నిప్పు దాటకుండ కట్టడి చేయుదురు. కాని ప్రతి చెట్టు క్రింద కావలి యుండుట ఎవరితరము? పూవు రాలుటకు ముందు ఆకులను చీపురుతో ఊడ్చిన చాలును. పాత చీరనో, వలనో నేలకు కొంచెము ఎత్తుగా కట్టిన మరింత మేలు. ఛత్తీస్‌గఢ్ మొదలగు రాష్ట్రములలో చెట్లక్రింద వలలు కట్టి మట్టి అంటని శుభ్రమైన పూవును సేకరించుచున్నారు. అట్టి పూవునకు ధరయు ఎక్కువ పలుకును.

ఆ సంవత్సరమే మా విద్యార్థులతో ఇప్పను పెంచవలెనని నిశ్చయించితిని. తొలకరిలో గింజలు ఏరించి, రైతులు వడ్లను దాచినట్లు చక్కగా ఎండబెట్టి, డబ్బాలో పోసి, మరుసటి సంవత్సరము విత్తించితిని. ఒక్కటియు మొలవలేదు. సిగ్గుపడి అవ్వ నడిగితిని. ఆమె పకపక నవ్వెను. ఇప్పగింజ నూనెగింజ. దానిలోని జీవము ఎండినచో నిలువదు. కొన్ని వారములు దాటిన కొలది మొలకెత్తు శక్తి నశించును. పండు రాలిన వానలోనే అది మట్టిని చేరవలెను.

కావున ఇప్పను పెంచదలచినవారు ఇట్లు చేయవలెను. జూన్ జూలై నెలలలో చెట్టు క్రింద రాలిన మాగిన పండ్లను ఏరి, గుజ్జును కడిగి, గింజలను నీడలో ఆరనిచ్చి, వారము పదిదినములలోనే విత్తవలెను. అంగుళము లోతు మించరాదు. రెండు మూడు వారములలో మొలక వచ్చును. దీని తల్లివేరు త్వరగా లోతునకు దిగును. వేరు తెగినచో మొక్క బ్రతుకదు. అందుచేత గింజను పెరగవలసిన చోటనే నాటుట గాని, పొడవైన సంచిలో పెంచి వేరు కదలకుండ నాటుట గాని మేలు. చెట్టు విశాలముగా పెరుగును గనుక మొక్కకు మొక్కకు ఎనిమిది పది మీటర్ల ఎడముండవలెను. మొదటి రెండు మూడు వేసవులు నీరు పోసి, చుట్టును ముండ్లకంప నాటి, గడ్డి తొలగించి కాపాడినచో తరువాత తన్ను తానే రక్షించుకొనును. గింజనుండి పెరిగిన చెట్టు పూయుటకు పదేండ్లు పట్టును. గుజరాతులోని గోధ్రా ఉద్యాన పరిశోధన కేంద్రమువారు మంచి చెట్ల కొమ్మలను అంటుకట్టి, త్వరగా పూయు మొక్కలను తయారుచేసినారు. పదేండ్లు దీర్ఘకాల మనిపించును. కాని పూయసాగిన చెట్టు తాత మొదలుకొని మనుమని వరకు పెట్టును.

మూడవయేట మేము తాజాగింజలు విత్తితిమి. నలువది మొక్కలు లేచినవి. పశువులు కొన్నింటిని తినెను. ఒక వేసవి నిప్పు మరికొన్నింటిని కాల్చెను. పిల్లలు ఎండలో బిందెలతో నీరు మోసి మిగిలినవానిని కాచిరి. నేను బదిలీయై వెళ్లునాటికి మిగిలినవి ఆరు.

ఉద్యోగ విరమణ చేసిన పిదప ఒక చైత్రమాసమున మరల అచ్చటికి పోతిని. అవ్వ లేదు. ఆరు మొక్కలలో నాలుగు చెట్లై నిలిచియున్నవి. తెల్లవారుచుండెను. ఒక చిన్నపిల్ల బడిసంచిని కొమ్మకు తగిలించి పూవు ఏరుచుండెను. నేల ఊడ్చియున్నది, మాడిన గుర్తు లేదు. చెట్టునకు కొంత దూరమున మోకాలెత్తు ఇప్పమొక్క యొకటి కనబడెను. దాని చుట్టును ఎవరో ముండ్లకంప పెట్టియుండిరి. ఎవరు పెట్టినారమ్మా యని అడిగితిని. “మా నాయిన పెట్టిండు సారూ. దాన్ని తొక్కొద్దన్నడు” అని ఆ పిల్ల పలికి, గంప నెత్తుకొని, బడివేళ మించునని వేగముగా నడచిపోయెను.

బాలబాలికలారా! ఇంగ్లండువారు యుద్ధము వచ్చినపుడు గులాబికాయను కనుగొనిరి. మన చెంచులు ఏనాటినుండియో ఇప్పపూవును ఎరిగియున్నారు. చెట్టు విడిచినది మనది; చెట్టు ఉంచుకొన్నది చెట్టుది; నేలను చేరిన గింజలో కొంత రేపటివారిది. ఈ లెక్క తప్పనంతకాలము అడవి అన్నము పెట్టుచునే యుండును. వచ్చు తొలకరిలో మీ కెచ్చటనైన మాగిన ఇప్పపండు దొరకినచో, గుజ్జును రుచి చూచి, గింజను పారవేయక, తడిసిన మట్టిలో ఒక అంగుళము లోతున పాతిపెట్టుడు. దాని చుట్టును నాలుగు ముండ్లకొమ్మలు నాటుట మరువకుడు.